60 నెలల ఫెలోషిప్, 3 ఎండాకాలాలు: కడప బీళ్లలో నా పీహెచ్‌డీ

2025 నవంబర్ 13న నా వైవా (పీహెచ్‌డీ చివరి మౌఖిక పరీక్ష) అయిపోయింది. చేరింది 2020 జనవరి 27న. అంటే 5 ఏళ్ల తొమ్మిదిన్నర నెలలు. సబ్జెక్టు ఎకాలజీ, ఎవల్యూషన్. పని చేసింది లంకమల గుట్టల కింద, సిద్ధవటం నుంచి బద్వేలు పోయే దారికి అటూ ఇటూ ఉన్న బీళ్లలో, అరచేతిలో పట్టేంత తొండల మీద. చేరకముందు ఎవరైనా కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పి ఉంటే నాకు రెండేళ్లు మిగిలేవి. అందుకే తేదీలు, ఖర్చులతో సహా రాస్తున్నాను.

మాది మామూలు ఇల్లు. నాన్న ఆర్టీసీ కండక్టర్. పదో తరగతి దాకా తెలుగు మీడియం. 2017లో ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక కడపలో ఒక జూనియర్ కాలేజీలో నెలకు 13,000 జీతానికి పాఠాలు చెప్పాను. పగలు కాలేజీ, రాత్రి నెట్ (లెక్చరర్ అర్హతకూ, పీహెచ్‌డీ ఫెలోషిప్‌కూ రాసే జాతీయ పరీక్ష) చదువు. 2018 డిసెంబర్ 16న మొదటిసారి రాశాను, పోయింది. 2019 జూన్ 16న మళ్లీ రాశాను. ఈసారి మొత్తం సిలబస్ మీద పడలేదు. ఎకాలజీ, ఎవల్యూషన్, జంతువుల ప్రవర్తన, ఈ మూడూ బాగా పట్టాను. పార్ట్ సీలో ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు. ఆ మూడింటిలో బట్టీ పట్టకుండా, ఆలోచించి రాబట్టుకోగల ప్రశ్నలు నాకు ఎక్కువ దొరికాయి. నెలల తరబడి ఎదురుచూశాక జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్, వచ్చింది.

నెట్ ఒక్కటే దారి అనుకునేదాన్ని. గేట్‌లో ఎకాలజీ, ఎవల్యూషన్‌కు ఈవై అనే పేపర్ ప్రత్యేకంగా ఉందని, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ లాంటి చోట్లకు జేజీబిల్స్ అనే పరీక్ష వేరే ఉందని నాకు జేఆర్‌ఎఫ్ వచ్చాకే తెలిసింది. మూడూ రాసుకుని ఉంటే ఒక ఏడాది కలిసొచ్చేది. డిగ్రీ, ఎమ్మెస్సీలో ఉన్న పిల్లలకు ఇది ముందే తెలియాలి.

ఆ తర్వాత ఇంటర్వ్యూలు. మొదటిది నేను మరిచిపోలేను. "ఏం చేయాలనుకుంటున్నారు?" అని అడిగారు. "తొండల మీద పని చేస్తాను మేడమ్" అన్నాను. "తొండల మీద సరే, ప్రశ్న ఏంటి?" అన్నారు. అవి ఎక్కడుంటాయి, ఏం తింటాయి, ఎప్పుడు గుడ్లు పెడతాయి అని చెప్పుకుంటూ పోయాను. ఆమె ఓపిగ్గా విని, లేచి బోర్డు మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీశారు. "ఈ అడ్డగీత మీద ఏం పెడతావు? నిలువుగీత మీద ఏం పెడతావు?" అని మార్కర్ నా చేతికిచ్చారు. నేను మార్కర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి ఆమే "పరవాలేదు, కూర్చో" అన్నారు. సెలెక్ట్ కాలేదు. రెండోచోటా అంతే.

రాత్రి బస్సులో ఏడుపు ఆగలేదు. మైదుకూరు దాటాక నోట్‌బుక్ తీసి అవే రెండు గీతలు గీసుకున్నాను. అడ్డగీత మీద "పొదలు ఎంత దట్టం", నిలువుగీత మీద "తొండలు ఎన్ని" అని రాశాను. మూడో ఇంటర్వ్యూకు ఆ కాగితమే తీసుకుపోయాను. సీటు వచ్చింది. ఇంటర్వ్యూకు పోయే వాళ్లకు నేను చెప్పేది ఇదే: మీకు ఏ జంతువు ఇష్టమని వాళ్లు అడగరు. ఆ రెండు గీతల మీద ఏం రాస్తారనే అడుగుతారు.

యూనివర్సిటీ మా ఊరికి 8 గంటల ప్రయాణం. చేరిన రోజు ఫీజు, హాస్టల్ డిపాజిట్, మెస్ అడ్వాన్సు కలిపి 34,000 కట్టాలి. అప్పట్లో జేఆర్‌ఎఫ్ నెలకు 31,000. కానీ అది నెల జీతంలా ఒకటో తేదీకి పడదు. చేరినట్టు కాగితాలు పోవాలి, అకౌంటు తెరవాలి, బిల్లు పెట్టాలి, సంతకాలు కావాలి. నా మొదటి ఫెలోషిప్ డబ్బు 7 నెలల తర్వాత, ఒకేసారి పడింది. అందాకా నాన్న పంపారు. చేరేముందు కనీసం 6 నెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి. ఇది ఎవరూ చెప్పరు, అడగడానికీ మొహమాటపడతాం.

చేరి రెండు నెలలు కూడా కాలేదు, లాక్‌డౌన్ వచ్చింది. 2020 మార్చి 25, ఉగాది రోజు. అంతకు కొన్ని రోజుల ముందే రెండు జతల బట్టలతో ఇంటికి వచ్చేశాను. మళ్లీ హాస్టల్ గది తాళం తీసింది నవంబర్‌లో. కోర్సువర్క్ అంతా ఆన్‌లైన్. మా ఇంట్లో సిగ్నల్ మిద్దె మీదే వస్తుంది. నీళ్ల ట్యాంకు నీడలో చాప వేసుకుని, ఫోన్ నుంచి నెట్ పెట్టుకుని, గణాంకాలకు వాడే ఆర్ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. గణాంకాలంటే నాకు భయం. ఎమ్మెస్సీలో లెక్కలు లేవు కదా అని జువాలజీ తీసుకున్న వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఎకాలజీలో రోజంతా లెక్కలే. ఆ 8 నెలలు వృథా పోలేదంటే ఆర్ నేర్చుకోవడం వల్లే.

ఇక నా తొండల సంగతి. మన ఇళ్ల కంచెల మీద కనిపించే తొండలు కావివి. సిటానా అంటారు. ఎక్కువగా నేల మీదే ఉంటాయి. వెనక కాలికి నాలుగే వేళ్లు. భయపడితే రెండు కాళ్ల మీద లేచి పరిగెడతాయి. మగదానికి గొంతు కింద మడిచిన తోలు ఉంటుంది. జతకట్టే కాలంలో చిన్న రాయి ఎక్కి ఆ తోలును విసనకర్రలా తెరిచి మూస్తూ ఉంటుంది. మా బీళ్లలో ఆ కాలం మార్చి నెలాఖరు నుంచి జూన్ దాకా. నా ప్రశ్నకు జవాబు ఆ మూడు నాలుగు నెలల్లోనే దొరకాలి. అవి పోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఫెలోషిప్ మాత్రం దేనికీ ఆగదు, 60 నెలలంటే 60 నెలలే. నా పీహెచ్‌డీ కష్టమంతా ఈ రెండు కాలాల మధ్యే నడిచింది.

2020 ఎండాకాలం లాక్‌డౌన్‌లో పోయింది. 2021 పోవడంలో నా తప్పూ ఉంది. అడవి లోపల పని చేయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ప్రాజెక్టు వివరాలు, గైడ్ ఉత్తరం, జంతువులకు హాని చేయనని హామీపత్రం, జంతువులతో చేసే పనిని పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి అన్నీ జతచేయాలి. నేను డిసెంబర్ 14న దరఖాస్తు పంపి, మార్చికల్లా వచ్చేస్తుందని ధీమాగా కూర్చున్నాను. ఎథిక్స్ కమిటీ కూర్చునేదే ఫిబ్రవరిలో అని తెలియదు. ఆ కాగితం లేదని దరఖాస్తు తిరిగి వచ్చింది. మళ్లీ పంపాను. ఈలోగా రెండో వేవ్ వచ్చింది, మే 5 నుంచి రాష్ట్రంలో కర్ఫ్యూ. అనుమతి జూలైలో చేతికందింది. అప్పటికి తొండలు తోలు తెరవడం మానేశాయి.

అనుమతి కోసం కాచుకున్న ఆ రోజుల్లోనే గైడ్ ఫోన్ చేసి ఒక మాట అన్నారు. "అమ్మా, నీ ప్రశ్నకు అభయారణ్యమే ఎందుకు? అదే పొద, అదే తొండ బయట బీళ్లలోనూ ఉంది కదా. రైతులను అడుగు." నాకు అది ముందే తట్టి ఉండాల్సింది. అప్పటి నుంచి అడవి లోపల 4 ప్లాట్లు (తొండలను లెక్కపెట్టే నేల ముక్కలు), బయట రైతుల బీళ్లలో 8 ప్లాట్లు అని మార్చుకున్నాం.

2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. నందలూరు వైపు నేను చూసిపెట్టుకున్న ఒక బీడు మీద నడుముల్లోతు ఇసుక మేట వేసింది. ఆ వైపు ఊళ్లలో మనుషులే పోయారు. ప్లాటు పోయిందని బాధపడడానికి కూడా సిగ్గేసింది. ఆ చోటు వదిలేశాను.

2022 జనవరిలో, రెండేళ్లు నిండాక, జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు, అంటే పై దశ ఫెలోషిప్‌కు, మార్చే కమిటీ కూర్చుంది. ఇద్దరు బయటి సభ్యులు. నా చేతిలో ఒక్క తొండ లెక్క కూడా లేదు. "రెండేళ్లలో డేటా ఏది?" అని అడిగితే కాళ్లు వణికాయి. లాక్‌డౌన్, కర్ఫ్యూ, అనుమతి తేదీలన్నీ ఒక పేజీలో వరసగా రాసి పెట్టుకున్నాను, దాన్నే చూపించాను. పాత శాటిలైట్ చిత్రాల నుంచి పొదల దట్టం లెక్కగట్టిన మ్యాపులూ చూపించాను. పాస్ చేశారు. మీరూ తేదీలు రాసి పెట్టుకోండి. ఏ రోజు ఏ కాగితం ఎవరికి ఇచ్చారో, ఎప్పుడు తిరిగొచ్చిందో. ఆ ఒక్క పేజీ నన్ను కాపాడింది.

మొదటి తొండను పట్టిన రోజు 2022 మార్చి 23. పొద్దున 7:40. చేరి దాదాపు 26 నెలలు.

తొండను చేత్తో పట్టడం కుదరదు. గాలం కర్ర కొసకు సన్నటి ప్లాస్టిక్ దారంతో ఉచ్చు వేయాలి. దాన్ని మెల్లగా తల దాకా జార్చి, మెడ మీదికి వచ్చాక పైకి లాగాలి. అది బరువు లేని ప్రాణి, దెబ్బ తగలదు. వినడానికి తేలికే. గాలికి దారం ఊగుతుంది, నా నీడ పడితే పారిపోతుంది. ముందు వారమంతా ఒక్కటీ చిక్కలేదు. ఆ రోజు ఒక మగది పిడికెడంత ఎర్రరాయి మీద కూర్చుని తోలు తెరుస్తూ ఉంది. తెల్లటి తోలు, మధ్యలో నీలి గీత. ఎండ వెనక నుంచి పడితే ఆ తోలు దీపం చిమ్నీలా వెలిగింది. నేను మోకాళ్ల మీద కూర్చుని కర్ర చాపాను. ఉచ్చు దాని కంటి ముందే ఊగుతున్నా అది నా వైపు చూడలేదు, ఎదురుగా ఉన్న ఇంకో మగదాని మీదే ఉంది దాని ధ్యాస. లాగాను. చేతిలోకి తీసుకుంటే గుండె కొట్టుకోవడం వేలికి తెలిసింది. ముక్కు నుంచి తోక మొదలు దాకా 46 మిల్లీమీటర్లు. బరువు 3.5 గ్రాములు. నోట్‌బుక్‌లో "1" అని రాసి, ఫోటో తీసి, అదే రాయి మీద వదిలాను. తర్వాత అక్కడే కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను. "ఏమైంది? పాము కరిచిందా?" అని అమ్మ భయపడింది, నా గొంతు అలా ఉంది.

గుర్తు కోసం వీపు మీద రంగు చుక్క పెట్టేదాన్ని. మూడు వారాలు తిరిగేసరికి చుక్కలు మాయం. చర్మం ఊడితే రంగూ దాంతోనే పోతుందని పుస్తకంలో చదివిందే, కానీ పనిలో గుర్తుకు రాలేదు. అప్పటి నుంచి వీపు మీది మచ్చల వరస ఫోటో తీసి, వాటిని పోల్చి గుర్తుపట్టడం మొదలుపెట్టాను. సాయంత్రాలన్నీ దానికే పోయేవి.

రోజు ఇలా ఉండేది. 4:30కు లేచి, రాగి అంబలి సీసాలో పోసుకుని, పాత స్కూటీ మీద 5:30కు బయలుదేరేదాన్ని. ఆ స్కూటీ 31,000 పెట్టి కొన్నాను. 6 నుంచి 10:30 దాకా ప్లాట్లలో నడక. తోడుగా ఊరి నుంచి ఒక తమ్ముడు వచ్చేవాడు, రోజుకు 400. ఆడపిల్ల ఒంటరిగా బీళ్లలో తిరగడం కుదరదని ఇంట్లో గట్టిగా చెప్పారు. ఒక్కదాన్నే పోయిన రెండు రోజుల్లో నాకూ అదే అనిపించింది. ఆ 400కు బిల్లు ఉండదు. పరిశోధన ఖర్చులకని ఏడాదికి 20,000 కంటింజెన్సీ వస్తుంది కానీ అది కూడా ముందు మనం పెట్టి, బిల్లు చూపించి తీసుకునేదే. కూలీకి రెవెన్యూ స్టాంపు అంటించిన చేతి రసీదు, గైడ్ సంతకంతో, చెల్లుతుందని నాలుగో ఏడు ఒక సీనియర్ అన్న చెబితే తెలిసింది. అప్పటికి రెండు సీజన్ల కూలీ నా జేబులోంచే పోయింది.

ఇంకో మాట, చదివే చెల్లెళ్ల కోసం. బీళ్లలో బాత్రూం ఉండదు. నేను మొదటి సీజన్ నీళ్లు తాగడం తగ్గించాను. మేలో యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి 9 రోజులు మంచంలో పడ్డాను. ఆ 9 రోజులు మళ్లీ రాలేదు. తర్వాత రైతుల ఇళ్లలో అక్కలతో మాట్లాడి పెట్టుకున్నాను. సిగ్గుపడకుండా మొదటి రోజే అడగండి. కాళ్లకు మందపాటి బూట్లు కొనండి, పింజరి పాములు మా బీళ్లలో మామూలే. పాము మందు ఏ ఆసుపత్రిలో ఉందో, అక్కడికి ఎన్ని నిమిషాలో ఒక కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకునేదాన్ని.

ఎర్రచందనం ఉన్న అడవుల పక్కన తెల్లవారకముందే హెడ్‌లైట్ పెట్టుకుని తిరిగితే అనుమానం రాక మానదు. అటవీశాఖ వాళ్లు రెండుసార్లు ఆపారు. అనుమతి కాగితం జిరాక్సు ప్లాస్టిక్ కవర్‌లో ఎప్పుడూ ఉండేది. చూసి పంపించారు. తర్వాత తర్వాత వాళ్లే "మేడమ్, ఈ పొద్దు అటు ఎలుగుబంటి తిరుగుతాంది, పోవద్దండి" అని చెప్పేవాళ్లు.

ఊళ్లలో అందరూ అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: "కలివికోడి దొరికిందా?" 1900లో అనంతపురం దగ్గర కనిపించాక ఇక లేదనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో మా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. అప్పటి నుంచి బ్యాగు వేసుకుని పొదల్లో తిరిగేవాళ్లంతా దానికోసమే వచ్చారనుకుంటారు. "కాదన్నా, తొండల కోసం" అంటే ముఖం చిన్నబుచ్చుకునేవాళ్లు. మొదట్లో నాకూ చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు లేదు. కలివికోడి బతికేది ఈ కలివి పొదల్లోనే, నా తొండలు బతికేదీ ఈ పొదల మధ్యనే.

నాకు అందరికంటే ఎక్కువ నేర్పింది ఒక గొర్రెల తాత. 2022 ఏప్రిల్‌లో 10 గంటలు దాటితే నా లెక్కలు ఒక్కసారిగా పడిపోయేవి. ఎండకు కలుగుల్లోకి పోతున్నాయని రాసుకున్నాను. తాత రోజూ చూసి చూసి ఒకరోజు అడిగాడు.

"పాపా, ఏం వెతుకుతాండావు అంతసేపు?"

"తొండలు తాతా. పది దాటితే ఒక్కటీ కనపడవు."

"నువ్వు కిందికే చూస్తాండావు. నేల కాలేటప్పుడు అదెందుకు నేల మీద ఉంటాది? కంప మీదికి ఎక్కుతాది. మోకాలెత్తున చూడు."

చూశాను. పక్కనున్న బలుసు పొదలోనే, ఎండు పుల్లకు అతుక్కుని, పుల్ల రంగులోనే ఒకటి ఉంది. రెండు అడుగుల అవతల ఇంకొకటి. థర్మామీటర్ గన్ పెట్టి చూస్తే నేల 57 డిగ్రీలు, ఆ పుల్ల 41. అప్పటిదాకా నడిచిన 11 రోజుల లెక్క తప్పు. ఆ 11 రోజులూ తీసేసి కొత్తగా మొదలుపెట్టాను. థీసిస్‌లో పద్ధతులు చెప్పే అధ్యాయంలో ఆ మార్పు ఎవరి వల్ల వచ్చిందో రాశాను. పేరు వేయాలా అని అడిగితే "తాత అని రాయి సాలు" అన్నాడు.

2023 నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్ 35,000 నుంచి 42,000కు పెరిగింది, బకాయితో సహా వచ్చింది. ఆ డబ్బుతో పాత లాప్‌టాప్ మార్చాను. సీజన్ బాగా మొదలైంది. ఏప్రిల్ 18న 7వ ప్లాటుకు పోయేసరికి అక్కడ ప్లాటు లేదు. జేసీబీ దున్ని చదును చేసింది. రేగు, బలుసు, తంగేడు అన్నీ ఒక మూలకు కుప్ప వేసి ఉన్నాయి. నేను పొదలకు గుర్తుగా కట్టిన ఎర్రగుడ్డ పీలిక ఒకటి మట్టిలోంచి బయటికి కనిపిస్తోంది. ఆ పీలిక పట్టుకుని కూర్చుండిపోయాను. రైతు వచ్చి నొచ్చుకున్నాడు. "చీనీ తోట పెడతాండామమ్మా. నీకు చెప్పాలని తోచలేదు." ఆయన భూమి, ఆయన ఇష్టం. నన్ను రానివ్వడమే ఆయన మంచితనం. దేశ బంజరు భూముల అట్లాస్‌లో ఇలాంటి పొదల భూమి బంజరు లెక్కలోనే ఉంటుంది. దున్నితే పోయేది ఏదైనా ఉందని ఎవరికీ అనిపించకపోవడంలో వింత లేదు. కానీ ఆ ప్లాటులో 38 తొండలను నేను ఒక్కొక్కటిగా, వీపు మచ్చలతో సహా ఎరుగుదును.

గైడ్‌కు ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన కాసేపు ఆగనిచ్చి, "రేపు కూడా అక్కడికే పో. దున్నకముందు లెక్క నీ దగ్గర ఉంది, దున్నాక లెక్క కూడా తీసుకో" అన్నారు. పోయాను. నాలుగో రోజు గట్టు మీద రెండు కనిపించాయి, అందులో ఒకటి నాకు తెలిసినదే. మిగతా 37 ఏమయ్యాయో తెలియదు. థీసిస్‌లో నాలుగో అధ్యాయం అదే ప్లాటు గురించి. వైవాలో ఎక్కువ ప్రశ్నలు వచ్చిందీ దాని మీదే.

మూడో సీజన్ 2024. మే 13న ఎన్నికలు. చెక్‌పోస్టుల్లో డబ్బు కోసం బ్యాగులన్నీ వెతికేవాళ్లు. నా బ్యాగులో ఉచ్చులు, చిన్న త్రాసు, గుడ్డ సంచులు. ప్రతిసారీ పది నిమిషాలు వివరించాలి. పోలింగ్‌కు ముందూ వెనకా కలిపి 5 రోజులు ఇంట్లోనే ఉండిపోయాను. జూన్ చివరికి మొత్తం 412 తొండల కొలతలు చేతికొచ్చాయి. నా ప్లాట్లలో తేలింది ఇది: మేకలు, గొర్రెలు మేసి అక్కడక్కడా పొదలు మిగిలిన బీడులో ఎక్కువ ఉన్నాయి, సర్కారు తుమ్మ కమ్ముకున్న చోట తక్కువ, దున్నిన చోట దాదాపు లేవు. మూడు ఎండాకాలాలు పట్టింది ఆ ఒక్క వాక్యానికి.

రాసే కాలం గురించి చెప్పేది తక్కువే. 2024 ఆగస్టులో మొదటి పేపర్ పంపాను, అక్టోబర్‌లో తిరస్కరించారు. ఒక రివ్యూయర్ రాసిన 14 పాయింట్లలో 11 సబబైనవే. మూడు రోజులు ఆ మెయిల్ తెరవలేదు, తర్వాత తెరిచి అన్నీ సరిచేశాను. రెండో జర్నల్ 5 నెలలు తీసుకుని 2025 మార్చిలో ఒప్పుకుంది. చందాల మీద నడిచే జర్నల్ కాబట్టి నాకు ఖర్చు లేదు. మధ్యలో "4,500 కడితే వారంలో వేస్తాం" అని మెయిళ్లు వస్తూనే ఉండేవి. ఆ వైపు పోవద్దు. నేను చేరిననాటి నిబంధనల ప్రకారం థీసిస్ ఇవ్వాలంటే ఒక పేపర్, రెండు సదస్సుల్లో ప్రసంగం తప్పనిసరి. ఇప్పుడు చేరేవాళ్లకు 2022 నిబంధనలు వేరు, మీ యూనివర్సిటీలో కనుక్కోండి.

2025 జనవరితో 60 నెలలు నిండాయి. ఫెలోషిప్ ఆగిపోయింది. థీసిస్ ఇచ్చింది జూన్ 20న. అంటే 5 నెలలు రూపాయి రాకుండా రాశాను. హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాను. నాన్న రిటైరైపోయారు. అమ్మ పెళ్లి సంగతి ఎత్తేది, నేను రాత్రి 2 గంటల దాకా కూర్చునేది చూసి ఎత్తడం మానేసింది. ఒకరోజు పడుకునే ముందు పాల గ్లాసు పెట్టి "ఇంకెన్ని పేజీలమ్మా" అని మాత్రం అడిగింది. ఎస్‌ఆర్‌ఎఫ్ ఉన్నప్పుడే నెలకు కొంత దాచి 90,000 పక్కన పెట్టుకోవడం వల్ల గట్టెక్కాను. వైవా నాటికి అందులో 6,000 మిగిలాయి. మీరు నాలుగో ఏడు నుంచే దాచుకోండి.

ఇవ్వడానికి ముందు పోలికల తనిఖీ ఉంటుంది. 10 శాతం లోపు ఉండాలి. నాది 19 వచ్చింది, గుండె ఆగినంత పనైంది. చూస్తే నా సొంత పేపరే దొంగిలించినట్టు లెక్కవేసింది. దాన్ని మినహాయించి మళ్లీ తీస్తే 6. బైండింగ్ 6 కాపీలు 5,400, థీసిస్ ఫీజు 15,000.

తర్వాత వేచి చూడడమే. ఒక ఎగ్జామినర్ రిపోర్టు 6 వారాల్లో వచ్చింది. రెండోది 15 వారాలు. ఆ 15 వారాల్లో రోజూ పొద్దున మెయిల్ చూడడం, ఏమీ లేకపోతే రోజంతా ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, ఇదే. ఆరేళ్లలో నాకు అతి కష్టమైన రోజులు ఏవంటే 44 డిగ్రీల ఎండ రోజులు కావు, అవే.

వైవా గంటా 20 నిమిషాలు. మొదటి పావుగంట నా గొంతు నాకే వినపడలేదు. దున్నిన ప్లాటు స్లైడ్ వచ్చాక సర్దుకుంది. "ఒక్క ప్లాటు చూసి ఇంత ఎలా చెబుతారు?" అని ఎగ్జామినర్ అడిగారు. "చెప్పలేను సార్. ఒక్క ప్లాటులో ఏం జరిగిందో మాత్రమే చెబుతున్నాను, అందుకే దాన్ని మిగతా లెక్కల్లో కలపలేదు" అన్నాను. ఆయన తల ఊపారు. వెనక వరసలో నాన్న ఉన్నారు. ఇంగ్లీషులో నడిచింది కాబట్టి ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. బయటికి వచ్చాక "ఆ ఎర్రగుడ్డ పీలిక ఫోటో బాగుంది పాపా" అన్నారు.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ 19 రోజులకు వచ్చింది.

ఆ వారమే బద్వేలు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా చేరిందట, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అక్కా అని అడిగింది. "అది తర్వాత. నువ్వు దేని మీద పని చేస్తున్నావు, అది ఏ నెలలో బయటికి వస్తుంది?" అన్నాను. కప్పలు, తొలకరి పడ్డాక అంది. "అయితే జూన్. ఇప్పుడు డిసెంబర్. మీ ఎథిక్స్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో రేపు పొద్దున్నే కనుక్కో, అనుమతి దరఖాస్తు ఈ వారమే రాయి" అని చెప్పి, నా పాత దరఖాస్తు, తిరిగి వచ్చినదీ సరిచేసి పంపినదీ రెండూ, వాట్సాప్‌లో పెట్టాను.